వైద్యానికి కార్డు ఉంది, చాకిరీకి లేదు

మా అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. నాన్న టీచరుగా రిటైరయ్యారు కాబట్టి ఆ హెల్త్ కార్డు మీదే స్కానింగులు, ఐసీయూ, మందులు చాలావరకు గడిచిపోయాయి. హమ్మయ్య, గండం గట్టెక్కింది అనుకున్నాం. డిశ్చార్జి రోజు పొద్దున్నే నర్సు వచ్చి ముక్కులోంచి వేసిన తిండి పైపునీ, మంచం పక్కన వేలాడుతున్న యూరిన్ బ్యాగునీ చూపించి, "రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి, లేకపోతే పుండ్లు పడతాయి" అని చెప్పి, కాగితాలు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మా అన్నయ్య ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసి, "రాత్రిళ్లు కూడానా?" అన్నాడు.

రాత్రిళ్లు కూడా. అసలు ఖర్చు మొదలైంది ఆ రోజు నుంచే.

ఆ తర్వాత బంధువుల్లో, స్నేహితుల్లో కనీసం అరడజను మంది నాకు ఫోన్ చేసి అడిగింది ఒకటే: "మీ అమ్మగారికి ఏ పథకం వాడారు? మా నాన్నకూ వస్తుందా?" అడగడంలో తప్పు లేదు. కానీ ఆ ప్రశ్నలో రెండు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి వైద్యం: ఆపరేషన్, స్కానింగ్, ఐసీయూ, డాక్టరు. రెండోది ఆ తర్వాత ఇంట్లో నెలల తరబడి సాగే పని: ఒళ్లు తుడవడం, డైపర్లు మార్చడం, తినిపించడం, పక్క మార్చడం, రాత్రి లేచి చూడటం. పుస్తకాల్లో దీన్ని సంరక్షణ అంటారు, మన ఇళ్లలో చాకిరీ అంటారు. మన పథకాలు దాదాపు అన్నీ మొదటి దాని కోసం పుట్టినవి. రెండోది ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. ఈ తేడా ముందే తెలిస్తే డబ్బు ఎక్కడ దాచుకోవాలో, ఎక్కడ ధైర్యంగా కార్డు చూపించాలో తెలుస్తుంది.

కార్డు ఎంతదాకా వస్తుంది

2024 అక్టోబరు 29న కేంద్రం తన ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు నిండిన అందరికీ వర్తింపజేసింది. ఆదాయంతో పని లేదు, తెల్ల కార్డు అక్కర్లేదు. ఆధార్‌తో నమోదు చేయించుకుంటే వయ వందన కార్డు ఇస్తారు. దాని మీద ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా పథకంలో చేరిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా చికిత్స దొరుకుతుంది. ఇంట్లో అమ్మా నాన్నా ఇద్దరూ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. కుటుంబం మొత్తానికి ముందే ఆయుష్మాన్ కార్డు ఉంటే మాత్రం ఈ 5 లక్షలు దానికి అదనం, పెద్దవాళ్లకే ప్రత్యేకం. పాత జబ్బులకు నిరీక్షణ గడువు ఉండదు, షుగరు, బీపీ ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు పాలసీ, ఈఎస్ఐ ఉన్నవాళ్లు ఇదీ తీసుకోవచ్చు. కేంద్ర ఉద్యోగులకు ఉండే సీజీహెచ్ఎస్ లాంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవాళ్లు మాత్రం అదో ఇదో తేల్చుకోవాలి.

ఇక్కడ మన అమ్మానాన్నల తరానికి ఒక చిక్కుంది. వాళ్లలో సగం మంది జనవరి 1న పుట్టారు! బళ్లో వేసిన అయ్యవారో, ఆధార్ తీసిన కుర్రాడో వేసిన తేదీ అది. వయసు లెక్కకు ఆధారే ఆధారం కాబట్టి, నిజంగా 73 ఏళ్ల మనిషి కాగితం మీద 68 అయితే కార్డు రాదు. ఇది ఆసుపత్రి మెట్ల మీద నిలబడి సరిచేసుకునే పని కాదు. మనిషి బాగున్నప్పుడే చూసుకోవాలి.

70 లోపు వాళ్లకు రాష్ట్రాల పథకాలున్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో, తెలంగాణలో పాత పేరుతోనే నడుస్తోంది. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలకు పెంచింది. ఆసుపత్రిలోకి వెళ్లగానే బిల్లింగ్ కౌంటరు కంటే ముందు, పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్య మిత్ర డెస్క్ ఎక్కడుందో వెతకండి. ఒకసారి డబ్బు కట్టి చేరిపోయాక మళ్లీ పథకం కిందికి మార్చడానికి ఎంత తిరగాలో తిరిగినవాళ్లకే తెలుసు.

ఇక రాని వాటి సంగతి. ఓపీ ఫీజు రాదు. నెలనెలా మందులు సాధారణంగా రావు. ఇంటికి వచ్చే నర్సు, ఆయా, డైపర్లు, అద్దె మంచం ఏవీ రావు. ఒక చిన్న వెసులుబాటు ఉంది, చాలామంది వదిలేసుకుంటారు. ఆయుష్మాన్ ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల దాకా అయ్యే మందులు, పరీక్షల ఖర్చు కలిసే ఉంటుంది. కాబట్టి డిశ్చార్జి రోజున "ఈ పదిహేను రోజుల మందులు ఇవ్వరా?" అని అడిగి మరీ తీసుకోండి.

ప్రైవేటు పాలసీలదీ దాదాపు ఇదే కథ. ఇంటి వద్ద చికిత్స అని పాలసీలో రాసి ఉన్నా, అది ఆసుపత్రిలో చేర్చాల్సిన రోగిని కదల్చలేకపోయినప్పుడు ఇంట్లో చేసే వైద్యానికి. ఆయా జీతానికి కాదు. నెల జీతం ఆపేసి క్లెయిమ్ కోసం ఎదురుచూడొద్దు.

నర్సా, ఆయానా

డబ్బు మంచినీళ్లలా పోయేది ఇక్కడే. మాకూ పోయింది.

కంగారులో ఉన్నప్పుడు అందరూ చేసే పనే మేమూ చేశాం. ఏజెన్సీకి ఫోన్ చేసి "24 గంటల నర్సు కావాలి" అన్నాం. నెలకు 27,000, అది కాక రిజిస్ట్రేషన్ ఫీజు, మనిషికి తిండి మనదే. వచ్చిన అమ్మాయి మంచిదే పాపం, కానీ నర్సు కాదు. మొదటి రోజు మధ్యాహ్నం అమ్మ చదునుగా పడుకుని ఉండగానే పైపులో జావ పోయబోయింది. మా వదిన చూసి ఆపింది కాబట్టి సరిపోయింది. అలా పోస్తే జావ వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి వెళ్లొచ్చు, న్యుమోనియా వస్తే మళ్లీ ఐసీయూయే. తల వైపు ఎత్తు పెట్టి, నెమ్మదిగా పోసి, పోశాక కనీసం అరగంట అలాగే కూర్చోబెట్టాలి. నర్సు జీతానికి వచ్చిన మనిషికి ఈ సంగతి తెలియదు, ఆసుపత్రి వార్డులో ఐదు నిమిషాలు చూసి నేర్చుకున్న మా వదినకు తెలుసు.

ఆ రాత్రి కూర్చుని అమ్మకు పొద్దుటి నుంచి పొద్దుటి దాకా చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాశాం. రాశాక చూస్తే నర్సు చేతి పని అనదగ్గవి రెండే తేలాయి: తిండి పైపు మార్చడం, యూరిన్ పైపు మార్చడం. అవి రోజూ ఉండవు, డాక్టరు చెప్పిన గడువుకు ఒకసారి. మిగతావన్నీ ఓపిక, ఒడుపు, శుభ్రత ఉన్న ఏ మనిషైనా నేర్చుకుని చేయగల పనులు. మనం 24 గంటలకు కొంటున్న నైపుణ్యం నెలకు రెండు గంటలు కూడా అక్కర్లేదన్నమాట.

ఈ రంగంలో పిలుపులు కలగాపులగంగా ఉంటాయి, అందుకే ఈ మోసం సులువు. జీఎన్ఎం అంటే మూడేళ్లు చదివిన నర్సు. ఏఎన్ఎం రెండేళ్ల కోర్సు. జీడీఏ అంటే కొన్ని నెలల శిక్షణ పొందిన సహాయకులు. ఆయా అంటే అనుభవమే చదువు. ఇంజెక్షన్లు, సెలైన్, పైపులు మార్చడం, లోతైన పుండుకు కట్టు కట్టడం మొదటి రెండు రకాల వాళ్లకే అప్పగించాలి. ఏజెన్సీ "సిస్టర్‌ని పంపిస్తున్నాం" అంటే, ఏం చదివారో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో అడగండి. నసిగితే ఆయాని పంపుతున్నారని అర్థం. ఆయా వస్తే తప్పు లేదు, నర్సు రేటు తీసుకోవడమే తప్పు.

మేం చివరికి ఏజెన్సీని మాన్పించి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఊళ్లోనే ఉండే ఒకావిడను 12,000కి పెట్టుకున్నాం. పైపులు మార్చడానికి రెండు వీధుల అవతల ఉండే స్టాఫ్ నర్సు వచ్చేది, వచ్చినప్పుడల్లా 500. ఖర్చు సగానికి పడిపోయింది, చూసుకోవడం మెరుగైంది. ఒకటి మాత్రం చెప్పాలి. తక్కువకు దొరికింది కదా అని ఆమెతోనే గిన్నెలు తోమించి, బట్టలు ఉతికించి, ఆదివారం కూడా రమ్మంటే రెండో నెలలో వెళ్లిపోతుంది. కొత్త మనిషికి మళ్లీ అన్నీ మొదటి నుంచి నేర్పాలి. వారానికో సెలవు, చెప్పిన తేదీకి జీతం ఇవ్వడం దయ కాదు, ఆ విధంగానే ఖర్చు తగ్గుతుంది.

ఆసుపత్రిలో ఉండగానే ఫ్రీగా దొరికే శిక్షణను వాడుకోవాలి. డిశ్చార్జికి రెండు రోజుల ముందు నుంచీ, ఇంట్లో ఎవరు చూసుకోబోతున్నారో వాళ్లనే వార్డులో ఉంచండి. పైపులో జావ పోయడం, డైపరు మార్చడం, దుప్పటిని రెండు వైపులా పట్టుకుని మనిషిని పైకి జరపడం నర్సు ముందే చేసి చూపించమనండి. ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలు ఫోన్‌లో వీడియో తీసుకోండి. మొదట్లో వారానికి రెండు మూడుసార్లు పిలిచినా, రోజువారీవి ఇంట్లోనే చేయించొచ్చు.

మంచం పుండ్ల గురించి నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఇంట్లో ఖర్చు తన్నుకుని పెరిగేది వాటి వల్లే. నడుము కింద ఎముక, మడమలు, తుంటి, ఈ మూడు చోట్లా బరువు పడి రక్తం ఆడక చర్మం మొదట ఎర్రబడుతుంది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే అదే మొదటి హెచ్చరిక. అప్పుడే పక్క మార్చి, తడి లేకుండా తుడిచి, మడమల కింద దిండు పెట్టి గాలిలో ఉంచితే పైసా ఖర్చు లేకుండా తగ్గిపోతుంది. వదిలేస్తే చర్మం చిట్లి, కండ దాకా వెళ్లి, నెలల తరబడి డ్రెస్సింగులు, యాంటీబయాటిక్స్. ఎయిర్ బెడ్ కొనాల్సిందే, కానీ ఎయిర్ బెడ్ వేశాం కదా అని తిప్పడం మానకూడదు. మా ఇంట్లో గోడకు ఒక కాగితం అంటించాం. గంటలు రాసి, ఎడమ, కుడి, వెల్లకిలా అని గళ్లు గీసి, తిప్పినవాళ్లు పక్కన పొడి అక్షరాలు వేయాలి. ఆ కాగితం సంగతి మళ్లీ చెబుతాను.

మంచం, ఆక్సిజన్ మిషను లాంటివి మొదటి నెల అద్దెకే తీసుకోండి. ఎన్నాళ్లు కావాలో అప్పుడే తేలదు. ఎక్కువ కాలం అవసరమని తెలిశాక సెకండ్ హ్యాండ్ కొనడం మేలు. పెద్దవాళ్లు పోయిన ఇళ్లలో ఇలాంటి మంచాలు ఎవరికివ్వాలో తెలియక మూలన పడి ఉంటాయి. ఊళ్లో రోటరీ, లయన్స్ క్లబ్బుల వాళ్లనూ ఒకసారి అడిగి చూడండి.

అడిగితే ఇంటిదాకా వచ్చేవి

పక్షవాతంతో మంచాన పడటం వైకల్యం కిందికి వస్తుందని చాలా ఇళ్లలో తట్టదు. "ముసలితనం కదా" అని ఊరుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద మామూలు వృద్ధాప్య పెన్షన్ నెలకు 4,000 అయితే, పక్షవాతం లాంటి వాటితో పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వాళ్లకు 15,000. తేడా 11,000, అంటే దాదాపు మా ఆయా జీతం. దీనికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి, స్లాట్ బుక్ చేసుకుని వైద్య పరీక్షకు వెళ్లాలి, పెన్షన్‌కు ఉండే మామూలు అర్హతలన్నీ ఉండాలి. మా అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ ఉంది కాబట్టి మాకు వర్తించలేదు. తెలంగాణలో ఆసరా (ఇప్పుడు చేయూత అంటున్నారు) కింద వృద్ధులకు 2,016, వికలాంగులకు 4,016. అక్కడా సర్టిఫికెట్ తెచ్చుకుంటే మొత్తం దాదాపు రెట్టింపవుతుంది.

చక్రాల కుర్చీ, చేతికర్ర, వినికిడి మిషను, కట్టుడు పళ్లు పేద వృద్ధులకు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరు శిబిరంతోనే మొదలైంది. శిబిరాలు పెట్టినప్పుడే ఇస్తారు కాబట్టి ఎప్పుడు పెడతారో వాకబు చేస్తుండాలి.

మందుల ఖర్చుకు జన ఔషధి దుకాణాలు ఎలాగూ ఉన్నాయి. బ్రాండెడ్ మందుల కంటే సగానికి పైగా తక్కువ. కానీ అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. గుండె డాక్టరు రాసినవి, నరాల డాక్టరు రాసినవి, షుగరు డాక్టరు రాసినవి, ఎప్పుడో ఆర్‌ఎంపీ ఇచ్చినవి అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి ఒక్క ఫిజీషియన్ ముందు గుమ్మరించండి. మా అమ్మవి పద్నాలుగు రకాలు తొమ్మిదికి దిగాయి. ఆ పద్నాలుగులో రెండు, వేరు వేరు పేర్లతో ఉన్న ఒకే గ్యాస్ మాత్ర! జిల్లా ఆసుపత్రుల్లో వృద్ధుల కోసం విడిగా జెరియాట్రిక్ క్లినిక్‌లు పెట్టాలని జాతీయ కార్యక్రమమే ఉంది. మనిషిని కదల్చలేనప్పుడు ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే ప్రభుత్వ డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు.

ఇక జబ్బు తగ్గేది కాదని తెలిసిపోయినప్పుడు పాలియేటివ్ కేర్ అనే మాట గుర్తుంచుకోవాలి. క్యాన్సరు చివరి రోజులకే అని అందరూ అనుకుంటారు కానీ పక్షవాతం, మతిమరుపు జబ్బు, కిడ్నీ ఫెయిల్యూర్, పార్కిన్సన్స్ అన్నిటికీ పనికొస్తుంది. నొప్పి, ఆయాసం, పుండ్లు తగ్గించడం, ఇంటివాళ్లకు నేర్పడం ఆ కేర్ ఇచ్చేవాళ్ల పని. తెలంగాణలో జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ కేంద్రాలున్నాయి, బృందాలు ఇళ్లకు కూడా వెళ్తాయి. కేరళ 2008లోనే దీనికి విధానం తెచ్చి, పంచాయతీల ద్వారా మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు నర్సును పంపే ఏర్పాటు చేసింది. జర్మనీ 1995 నుంచి, జపాన్ 2000 నుంచి ఈ చాకిరీ కోసమే ప్రత్యేకంగా బీమా నడుపుతున్నాయి. మన ఎన్నికల మేనిఫెస్టోల్లో ఆ మాట ఇంకా పెద్దగా వినపడదు.

హోమ్‌లో చేర్చడం

అక్క డాలస్‌లో ఉంటుంది. రెండో వారంలోనే, "ఏదైనా మంచి హోమ్ చూడండిరా, ఎంతైనా నేను కడతాను" అంది. నేను ఏడెనిమిది చోట్లకు ఫోన్ చేశాను. వృద్ధాశ్రమం అంటే చాలా చోట్ల అర్థం ఒకటే: తన పనులు తాను చేసుకోగలిగిన వృద్ధులకు గది, భోజనం. "పైపు ఉందా? అయితే తీసుకోం సార్" అనేవాళ్లే ఎక్కువ. మంచాన పడ్డవాళ్లను తీసుకునేవి వేరే ఉంటాయి, వాటి ఖర్చూ వేరే. వాటికి వెళ్లి చూస్తే రంగులు వేసిన గదులు చూపిస్తారు. మీరు రాత్రి ఎంత మందికి ఒక మనిషి ఉంటారో అడగండి, ఒక పెద్దాయన మడమలు చూడండి, వాసన చూడండి. జ్వరం వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారో, ఆ బిల్లు ఎవరిదో, అడ్వాన్సు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేస్తే దగ్గరలో ఉన్న హోమ్‌ల వివరాలూ చెబుతారు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.

హోమ్‌లో చేర్చడం పాపమని నేననను. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో, మతిమరుపు వచ్చి రాత్రిళ్లు తలుపు తీసుకుని వెళ్లిపోయే తండ్రిని పెట్టుకుని ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా దాన్ని తూచే హక్కు బంధువులకు లేదు.

ఇంట్లో లెక్క

బ్యాంకు పనులు మొదటి నెలలోనే చక్కబెట్టుకోవాలి. 70 దాటినవాళ్లకు, కదల్లేనివాళ్లకు ఇంటికే వచ్చి సేవ చేయాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది, కాబట్టి వేలిముద్ర కోసం మంచాన్ని మోసుకెళ్లక్కర్లేదు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇవ్వొచ్చు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టే కొడుకులు, కూతుళ్లు ఇంకొకటి చూసుకోవాలి: బీమా లేని 60 దాటిన తల్లిదండ్రుల వైద్య ఖర్చు 80డీ కింద 50,000 దాకా మినహాయింపు వస్తుంది. బిల్లులు దాచండి, నగదు ఇస్తే లెక్కలోకి రాదు.

పిల్లలు చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది. ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెడితే నెలకు 10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకోవాలనే షరతుతో ఆస్తి గిఫ్టుగా రాసిచ్చి ఉంటే, చూడనప్పుడు ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. ఆ షరతు దస్తావేజులోనే కనపడేలా రాయించుకోవడం క్షేమం.

చాలా ఇళ్లలో గొడవ అంతదాకా వెళ్లదు. డబ్బు పంపేవాళ్లు ఒకరు, ఫోన్లు చేసి సలహాలిచ్చేవాళ్లు ఒకరు, ఒళ్లు వంచేవాళ్లు ఒకరు. మొదటి ఇద్దరి ఖర్చు కనపడుతుంది. మూడో మనిషిది ఏ లెక్కలోకీ రాదు. మేం 'సగానికి తగ్గించాం' అని నేను పైన గొప్పగా రాసిన ఖర్చులో రాత్రి మనిషి జీతం లేదు.

రెండో నెల చివర అక్క వచ్చింది. గోడ మీది కాగితం చూస్తూ చాలాసేపు నిలబడింది. పగటి గళ్లలో ఆయా గుర్తు, సాయంత్రం అన్నయ్యవి, శని, ఆదివారాలు నావి. రాత్రి పన్నెండు, రెండు, నాలుగు గంటల గళ్లలో అరవై రోజులూ ఒక్క మా వదిన పొడి అక్షరాలే. అక్క ఏమీ అనలేదు. మర్నాడు ఆయాను పిలిచి, రాత్రిళ్లకు తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆయా వాళ్ల చెల్లెలు వారానికి ఐదు రాత్రులు వస్తానంది. ఆ జీతం డాలస్ నుంచి వస్తుంది, మిగతా రెండు రాత్రులు అన్నయ్యవి.